గడ్డి మొలవని జాగ

జిన్నారం,
8 సెప్టెంబర్ 2024, ఆదివారం

అక్కా, శరణు.

నీ ఉత్తరం కంపెనీ గేటు కాడ ఎనిమిది దినాలు పడి ఉన్నది. సెక్యూరిటీ శ్రీశైలం దాని మీద చాయ గ్లాసు పెట్టుకున్నడు, నీ అక్షరాల మీద గుండ్రటి మరక. "ఈ కాలంల ఉత్తరాలేంది సంగన్నా, ఫోన్ కొట్టరాదే" అని నవ్వుతడు. ఇరవై ఏండ్లు సోలాపూర్ల మగ్గాల నడుమ నిలబడి మా అక్క చెవులు పోయినయిరా, ఫోన్ల ఎంత మొత్తుకున్నా ఆమెకు వినబడదు అని చెప్తే గ్లాసు తీసి ఉత్తరం తుడిచి ఇచ్చిండు.

బావ సంవత్సరికం మంచిగ అయిందని రాసినవు. నేను రాలేకపోయిన. ఏమని చెప్పాలె, తప్పు నాదే.

ఇక్కడ వానలు వెనుకపట్టినయి. ఇగ నా తిప్పలు షురూ. వానలు పోయినంక, చలి రాకముందు లాన్ కు ఎరువెయ్యాలె, ఏడాదికి ఒక్కసారి. లాన్ అంటే ఏందిరా అని ప్రతి ఉత్తరంల అడుగుతవు. మల్ల చెప్త, జెర మంచిగ చదువుకో. మన చెలక మూడెకరాలు కంపెనోళ్లు తీసుకున్నరు కద, దాన్నంత చదును చేసి ఆఫీసు ముందల గడ్డి పెట్టిండ్రు. ఆ గడ్డికి నీళ్లు పెట్టాలె, ఎరువెయ్యాలె, పెరుగుతె కొయ్యాలె, కోసింది పారెయ్యాలె. బర్రె తినది, మేక తినది, మనిషి తొక్కొద్దు. నాయిన జొన్న పండించిన భూమిల నేను మాలీగ పదహారేండ్ల సంది గిదే పంట తీస్తున్న. నవ్వుకో.

మాగిన పెంట ఎరువు, వానపాముల ఎరువు, సన్న ఇసుక, వేపపిండి అన్నీ కలిపి జల్లెడ పట్టాలె. గడ్డిని పొట్టిగ కోసి, ముళ్ల రోలర్ నడిపి బొక్కలు పొడవాలె. ఎరువును గంపలతోని చల్లి చీపురు కట్టలతోని మొదట్లకు దులపాలె. నేను, ఇద్దరు ఒడిశా మనుషులు. మూడెకరాలకు ముగ్గురం.

ఆఫీసుకు కొత్త సార్ వచ్చిండు, నరసరాజు అని, భీమవరం దిక్కు మనిషి. మాట మెత్తగ ఉంటది, కండ్లు మాత్రం గద్ద కండ్లు. వచ్చిన దినమే జెండా కట్టె పక్కన బోడి జాగ పట్టుకున్నడు. "ఏవయ్యా సంగప్పా, లాన్ అంతా బావుంది గానీ ఇక్కడ గుండు కొట్టించినట్టు ఇదేంటయ్యా?" అన్నడు. మంచమంత జాగ అక్కా. నేను పెట్టని మందు లేదు. ఒక్క పోస మొలవది. దాని మీద ఊశి వచ్చిన దినాలు గూడ ఉన్నయి.

అమ్మ సమాధి కాడ అంత మంచిగున్నది. రాయి కడిగి విభూతి పెట్టిన. చుట్టు గడ్డి నల్లగ కనబడేటంత పచ్చగున్నది. మిగిలిన లాన్ల యాడ గట్ల లేదు.

బిడ్డ రవళి కిష్టారెడ్డిపేటల ఫ్లాట్ల కిరాయికి పోయినంక రెండేసార్లు వచ్చింది. రూమ్ల నేనొక్కన్నే. వంటకు బద్ధకమైతే అటుకులు నానబెట్టుకుంటున్న, తిట్టకు.

నీ తమ్ముడు
సంగప్ప


సోలాపూర్,
17 సెప్టెంబర్ 2024

తమ్మీ సంగా, చల్లగ ఉండు.

అటుకులు తినేటోన్ని తిట్టకుంట ఏం చేస్తరు? జొన్న రొట్టె కొట్టుడు నేర్పిన కద నీకు! మగోడు పిండి పిసుకుతె చేతులు అరుగుతయా?

నీ గడ్డి ముచ్చట ఎదురింటి మరాఠీ ఆమెకు చెప్పిన. బర్రె తినని గడ్డికి ఎరువేస్తరంటె ఆమె పడి పడి నవ్వింది. తర్వాత ఏదో అన్నది. నాకు వినబడలె. నేను గూడ నవ్విన. గిట్లనే ఉంటయి మా ముచ్చట్లు.

మీ బావ మంచం పట్టిన పదిహేడేండ్లు నేను గడప దాటలె. నీ బిడ్డ పెండ్లికి రాలె, మరదలు పోతె రాలె. భూమి కంపెనోళ్లకు పోయినంక ఊరే చూడలె. ఇప్పుడు మంచం ఖాళీగున్నది. పొద్దుగాల లేస్తె ఎవరికి నీళ్లు తాగిపియ్యాల్నో తోచది. గ్లాసు పట్టుకోని మంచం కాడ నిలబడుత, తర్వాత నేనే తాగుత.

అందుకే అనుకున్న, పెద్దలకు పెట్టుకునే పెత్రమాసకు వస్త. అక్టోబర్ రెండు. జహీరాబాద్ మీదికెళ్లి వచ్చే బస్సు ఎక్కుత. నువ్వు పోతిరెడ్డిపల్లి చౌరస్త కాడికి రా. అమ్మ సమాధి మీద నా చేత్తోని ఇంత పాసెం పెట్టాలె. అమ్మ పోయిన ముప్పై తొమ్మిదేండ్లల ఎన్నిసార్లు పెట్టిన చెప్పు, నాలుగుసార్లు గూడ కాదు.

ఇంకో మాట. దీనికి మాత్రం సక్కగ జవాబు రాయి. నాకు పిల్లలు లేరు, నేను పోతె ఎవరు ఎటు తీసుకపోతరో తెల్వదు. మొన్న మెట్ల మీద కండ్లు తిరిగి పడ్డ. డాక్టర్ గుండె బలహీనమున్నదని కాయిదం మీద రాసి చూపెట్టిండు. నాకు బుగులు లేదు గాని ఒక్కటే ఆశ, అమ్మ పక్కన పెట్టాలె నన్ను. కంపెనోళ్లు సమాధి చుట్టు కొంచెం జాగ ఇడిసి కంచె కట్టిండ్రని నువ్వే రాసినవు. మన లింగాయతులం ఎట్లాగు కూసొనే మట్టిలకు పోతం, ఆరడుగులు గూడ వద్దు. నాలుగడుగులు సాలు. ఉన్నదా తమ్మీ, అమ్మ పక్కన నాకు నాలుగడుగుల జాగ? ఉన్నదంటె ఉన్నదని రాయి.

చౌరస్త కాడికి గొడుగు తెచ్చుకోని రా.

అక్క
శరణమ్మ


జిన్నారం,
24 సెప్టెంబర్ 2024

అక్కా, శరణు.

నీ ఉత్తరం ఈసారి మూడు దినాలకే అందింది. చదివిన. మల్ల చదివిన.

ఇప్పుడు రాకక్కా. పనికి తల ఎత్తే సందు లేదు. గేటు లోపలికి బయటోళ్లను రానిస్తలేరు, పాసు కావాలె, ఆ పాసుకు పది సంతకాలు. రోడ్డు తవ్వి పెట్టిండ్రు. కండ్లు తిరుగుతున్నయని నువ్వే అంటున్నవు, అంత దూరం బస్సుల ఎట్ల వస్తవు? దీపావళి పోనీ, చూద్దాం. పెత్రమాసకు నీ పేరు మీద నేనే పాసెం పెడుత.

ఒక సంగతి అడుగుత, కోపానికి రాకు. చిన్నాయిన కొడుకు వెంకటేశం మొన్న సోలాపూర్ వచ్చిండట. నిన్ను కలిసిండా? ఏమన్నా చెప్పిండా? వాని మాటలు పట్టుకోకు. ఉన్నది లేనట్టు చెప్తడు.

సారేమో బోడి జాగను వదుల్తలేడు. ఈసారి గూడ అక్కడ జిప్సం చల్లిన. తెల్లటి పొడి అక్కా, భూమిల చెడ్డ ఉప్పు ఉంటె దాన్ని కిందికి కడిగేస్తది. ఏడాదికి రెండు బస్తాలు దానికే పోతున్నయి. దాని పక్కన కూసోని చేతులతోని రుద్దిన. "ఇట్లా కాదు సంగప్పా, మట్టి ల్యాబ్ కి పంపుదాం" అని సార్ సీసల పట్టించుకపోయిండు.

అమ్మ కాడ మాత్రం గంప నిండ ఎరువేసిన. అందరికంటె ముందు ఆమెకే.

మందులు యాళ్లకు ఏసుకో.

సంగప్ప


సోలాపూర్,
3 అక్టోబర్ 2024

సంగప్పకు,

నిన్న పెత్రమాస. ఇక్కడి గుడి కాడ జంగమయ్యకు బియ్యం, పప్పు, ఇంత బెల్లం ఇచ్చి అమ్మ పేరు చెప్పిన. ఆయన ఏ ఊరమ్మా అన్నడో ఏమన్నడో, పెదవులు కదిలినయి. జిన్నారం అని చెప్పి వచ్చేసిన. సంచి సర్దుకోని పెట్టిన, మల్ల ఇప్పుకున్న.

రావద్దన్నవు, సరే. రోడ్డు బాగలేదు, పాసు లేదు, నా కండ్లు బాగలేవు, అన్ని రాసినవు. నేను అడిగిన ఒక్క మాటకు జవాబు మాత్రం లేదు. ఉత్తరం తిరగేసి గూడ చూసిన, ఎనక ఏమన్నా రాసినవేమో అని.

నాకు అర్థమయింది తమ్మీ. వచ్చినదాన్ని మల్ల పోనేమో, నీ మీదనే పడుతనేమో అని బుగులు పడ్డవు. రవళి ఏమన్నా అన్నదా? పెద్దయినంక ఆమె ముఖమే నేను చూడలె, ఆమె మీద నాకేం కోపం లేదు. లేకపోతె ఆడిబిడ్డ వచ్చి భూమిల వాటా అడుగుతదనుకున్నవా? భూమి పోయినప్పుడే నోరు తెరవలె, ఇప్పుడు అడుగుతనా? చచ్చినంక నాలుగడుగులు అడిగిన, అంతే.

వెంకటేశం వచ్చిండు, చాయ తాగిండు, పోయిండు. వాడు నాకు చెప్పేదేంది? ఏమున్నది నాకు చెప్పనీకి? ఎందుకడిగినవు?

ఇగ నేను రాయను. నీకు పని మస్తున్నది కద, చదువుకునే యాళ్ల గూడ మిగులుతది.

శరణమ్మ


జిన్నారం,
13 అక్టోబర్ 2024

అక్కా, నీ కాళ్లు మొక్కుత.

రవళి ఏమనలె. భూమి ముచ్చట నా మనసులనే లేదు. నువ్వు నా మీద పడుడు ఏంది, నేనే నీ చేతుల మీద పెరిగిన. నన్ను తిట్టు, కొట్టు, గాని రాయకుండ ఉండకు. వారం సంది శ్రీశైలం నన్ను దూరం కెళ్లి చూసి తల అడ్డం ఊపుతుండు. ఏం రాలేదన్నట్టు.

నిన్న దసర. జమ్మి ఆకు తెంపుకోని వచ్చిన, ఎవరి చేతిల పెట్టాల్నో తెలువలె. కంపెనీ సెలవు. ఊర్లె మనోళ్లంత పటాన్‌చెరు, లింగంపల్లి పోయి స్థిరపడ్డరు. రవళి వస్తనన్నది, ఆఫీసుల పనున్నదని రాలె. ఒడిశా మనుషులు గుర్తొచ్చి వాళ్ల షెడ్డుకు పోయిన. జమ్మి చేతిల పెట్టి అలయ్ బలయ్ ఇచ్చిన. పాపం వాళ్లకు ఇదేందో తెల్వదు, ఆకును జేబుల పెట్టుకున్నరు. ఇంటికొచ్చి ఇంకో ఆకు నీ ఉత్తరంల పెడుతున్న. సూడు, ఉన్నదా?

ఎరువేసుడు ఒడిసింది. పది దినాలు, నడుము ఇరిగిపోయింది. చల్లినంక సన్న వాన పడ్డది, లాన్ అంత మట్టి వాసన. నాయిన ఉంటె ఇంత మంచి భూమిల గడ్డి పెంచుతవారా అని చెప్పు తీసుకునేటోడు.

బోడి జాగ రిపోర్టు వచ్చింది. ఉప్పు ఉన్నదట, మస్తున్నదట. ప్లాంటు నీళ్ల పైపు యాడ్నో కారుతుందేమో అని ఇంజనీర్లకు బుగులు పుట్టింది. "సోమవారం ఇరవై ఎనిమిదిన తవ్వించెయ్, అయిదడుగులు తీసేసి కొత్త ఎర్రమట్టి నింపు, పీడా వదిలిపోతుంది" అన్నడు సార్. నాకు సంబరమయింది. పదహారేండ్ల పీడ.

అక్కా, ఒక్కటి అడుగుత. అమ్మ పోయిన దినం నేను లేను. బొంబాయికి పారిపోయిన ఎదవను, పదకొండో దినానికి వచ్చిన. ఆ దినం ఎట్ల జరిగిందో నువ్వు ఎన్నడు చెప్పలె, నాకు అడగనీకి ముఖం లేకుండె. ఇప్పుడు చెప్పు. దానికోసమన్నా రాయి.

నీ సంగడు


సోలాపూర్,
21 అక్టోబర్ 2024

తమ్మీ,

జమ్మి ఆకు అందింది. ఎండిపోయి రెండు తునకలయింది, దేవుని కాడ పెట్టిన. నీ మీద కోపం పోలె, ఏడుపు మాత్రం వచ్చింది. రాయనన్నదాన్ని రాస్తున్న, సిగ్గు లేనిదాన్ని.

ఆ దినం చెప్పమన్నవు, చెప్త.

శ్రావణం. వారం సంది ముసురు. అమ్మ పొద్దున్నే పోయింది, నా ఒళ్లెనే పోయింది. నీ పేరు తీసింది, తీయలేదని అబద్ధమెందుకు చెప్పాలె. చెలకల యాప చెట్టుకు తూర్పు దిక్కు గుంత తీసిండ్రు. తీస్తుంటెనే నీళ్లు ఊరుతున్నయి, ఒకడు తోడి పోస్తుండు, మల్ల ఊరుతున్నయి. నాయిన గుంత గడ్డ మీద కూసోని తల పట్టుకున్నడు. "బురదల ఎట్ల కూసోబెట్టాలె నా మనిషిని" అని మొత్తుకున్నడు.

మఠం అయ్య అన్నడు, విభూతితోని కాదు, ఉప్పు తెప్పియ్యుండ్రి అని. దుకాణం కెళ్లి రెండు బస్తాల రాళ్ల ఉప్పు బండి మీద తెచ్చిండ్రు. కింద ఒక బస్తా పరిచిండ్రు. అమ్మను కూసోబెట్టి చేతిల లింగం పెట్టి, చుట్టు ఇంకో బస్తా పోసినం. నేను గూడ పోసిన తమ్మీ. కలుపు తీసి తీసి నా చేతులు పగిలి ఉండె, ఉప్పు తగిలి సుర్రుమని మండినయి. గొంతు దాక ఉప్పు, పైన విభూతి, ఆ పైన మన్ను. అమ్మ ముఖం తెల్లగ, పండుగకు సున్నం ఏసిన గోడ లెక్క ఉండె.

ఆ మంట నెల దినాలు చేతులల్ల ఉన్నది. సోలాపూర్ వచ్చి మగ్గం కాడ నిలబడ్డ గూడ దారం పట్టుకుంటె మండేది. మండినప్పుడల్ల అమ్మ యాదికొచ్చేది. తగ్గిపోయిన దినం ఏడ్చిన.

గిదే జరిగింది. నువ్వు లేవు. నువ్వుంటె ఒక బస్తా నువ్వు పోసేటోనివి.

నా నాలుగడుగుల మాటకు ఇప్పుడన్న జవాబు రాయి. లేదంటె లేదని రాయి, బతికినోళ్లను గిట్ల ఆగబెట్టొద్దు.

అక్క


జిన్నారం,
29 అక్టోబర్ 2024

అక్కా,

ఈ ఉత్తరం కూసోని చదువు. గోడకు ఆనుకోని చదువు.

అమ్మ సమాధి చుట్టు కంచె లేదు. సమాధే లేదు. పదహారేండ్ల సంది నీకు అబద్ధం రాసిన.

భూమి ఇచ్చినప్పుడు ఒక కాయిదం మీద, ఈ భూమిల సమాధులు గిట్ల ఏమి లేవు అని ఉండె. అట్ల సంతకం పెడితెనే పని జల్దీ అయితది, ఇంటికొక నౌకరి వస్తది అన్నరు. రవళి చిన్నది, వరుసగ రెండేండ్ల కరువు. పెట్టినక్కా. అమ్మ మీది రాయిని నా చేతులతోనే పీకిన. ఆ రాయి నా రూమ్ల పొయ్యి పక్కన ఉన్నది. కడిగి విభూతి పెట్టిన అని రాసింది దానికే. గంత మట్టుకే నిజం.

తర్వాత డోజర్లు వచ్చి మూడు ఫీట్లు కోసి చదును చేసినయి. యాప చెట్టు పోయింది, గట్టు పోయింది. నేను మాలీగ చేరే వరకు అంత బల్లపరుపు. అమ్మ యాడున్నదో తెలువలె. అడుగులు కొలుసుకోని కొలుసుకోని, గిక్కడనే అయి ఉంటది అని ఒక జాగ అనుకున్న. ఏటా ఎరువేసేటప్పుడు మొదటి గంప, అన్నిటికంటె మంచి ఎరువు అక్కడ గుమ్మరించిన. గడ్డి నల్లగ పెరిగింది. చూసినవా, అమ్మ ఇక్కడనే ఉన్నది అని మురిసిపోయి నీకు రాసిన. ఆ పచ్చదనం నా ఎరువుది అక్కా. అక్కడ అమ్మ లేదు.

నిన్న సోమవారం బోడి జాగ తవ్వినం. నేనే గడ్డపార పట్టిన. రెండడుగులు తవ్వి బువ్వకు ఆగినం. శ్రీశైలం నీ ఉత్తరం తెచ్చి ఇచ్చిండు, గుంత గడ్డ మీద కూసోని చదివిన. రెండు బస్తాల ఉప్పు అని రాసిన కాడ ఆగిన. గుంతల కెళ్లి ఒక పెడ్డ తీసి నాలికె మీద పెట్టుకున్న. ఉప్పగున్నది.

పదహారేండ్లు పీడ అన్న. ఊశిన. జిప్సం పోసి కడిగిన. అది మన అమ్మ.

గుంతల దిగి కూసున్న, ఇగ తవ్వనీయలె. ఒడిశా మనుషులు నాకు ఎండ దెబ్బ తగిలిందనుకోని నీళ్లు చల్లిండ్రు. సార్ వచ్చి "ఏవయ్యా, ఏవైంది, లే" అన్నడు. "సార్, మా అమ్మ ఉంది" అన్న. ఆయన బూట్లు ఇప్పి పక్కన పెట్టిండు. "ఇన్నేళ్లూ ఎలా ఊరుకున్నావయ్యా?" అన్నడు. తర్వాత మెల్లగ, "పూడ్చెయ్. పైపేమీ కారట్లేదని రాసుకుంటాను. ఎవరికీ చెప్పకు, హెడ్డాఫీసు వాళ్లకి తెలిస్తే తవ్వించి ఎక్కడో పారేయిస్తారు" అన్నడు. తవ్విన మన్నంత ఒక్క పెడ్డ గూడ పోకుండ చేతులతోని లోపటికి నెట్టిన.

నిన్ను రావద్దన్నది అందుకే. జాగ అడిగితె జవాబు రాయంది అందుకే. వెంకటేశం చెప్పిండేమో అని సచ్చిపోయిన. నువ్వు బరువని కాదు అక్కా, నీ ముఖం చూసే మొఖం లేక.

సంగప్ప


సోలాపూర్,
10 నవంబర్ 2024

సంగప్పా,

నీ ఉత్తరం వచ్చి ఆరు దినాలయింది. మొదటి దినం చించేద్దామనుకున్న. రెండో దినం బస్సెక్కి వచ్చి నీ రెండు చెంపలు వాయగొడుదామనుకున్న. తర్వాత దినాలు ఊకె కూసున్న.

సంతకం సంగతి నేను మాఫ్ చెయ్య. అబద్ధాలు రాసింది గూడ చెయ్య. పదహారేండ్లు నేను ఇక్కడ మీ బావకు మందు పోసుకుంట, అమ్మ సుట్టు కంచె ఉన్నది, తమ్ముడు పొద్దున లేస్తె చూసుకుంటుండు అని ధైర్యంగ ఉన్న. అది గూడ గుంజుకున్నవు. నా కోపం ఉండనీ, అది నాది.

గాని గుంతల దిగి కూసున్నవు చూడు, అది మాత్రం మల్ల మల్ల చదివిన. పంతొమ్మిదేండ్లప్పుడు రావాల్సినోనివి, యాభై ఎనిమిదిల వచ్చినవు. అమ్మ కాడికి ఇప్పుడు వచ్చినవు నువ్వు.

నా నాలుగడుగుల మాట ఇడిసెయ్. జవాబు వచ్చింది. ఇక్కడ మనోళ్ల రుద్రభూమి ఉన్నది, పేరు రాయించుకుంట. పక్కన ఎవరుంటరో తెల్వదు. ఎట్లాగు నాకు వినబడది.

రాయిని పొయ్యి పక్కన పెట్టకు, మసి పడతది. కిటికీ కాడ పెట్టు. జిప్సం మాత్రం ఇగ ఆడ ఎయ్యకు.

అక్క


జిన్నారం,
24 నవంబర్ 2024, ఆదివారం

అక్కా, శరణు.

రాయిని కిటికీ కాడికి మార్చిన. పొద్దుగాల ఎండ పడుతున్నది.

హెడ్డాఫీసోళ్లు వచ్చి పోయిండ్రు. ఆ రెండు దినాలు సార్ బోడి జాగ మీద బంతిపూల కుండీలు పెట్టించిండు. అమ్మకు బంతిపూలంటె ఎంత ఇష్టమో ఆయనకేం తెలుసు. వాళ్లు లాన్ చూసి మస్తు మెచ్చుకున్నరు, నాతోని ఫోటో దిగిండ్రు. పోయినంక కుండీలు తీసేసినం. తెల్లారి రవళి వచ్చింది. నేను తవ్వుడు ఆపి గుంతల కూసున్నది ఎవరో చెప్పిండ్రట, భయపడి వచ్చింది. అంత చెప్పిన. నాయనమ్మ కాడ చెప్పులిడిసి నిలబడ్డది.

జిప్సం మానేసిన. మిగిలిన బస్తా స్టోర్ల వాపస్ ఇచ్చిన. గాని ఒక బుగులు పట్టుకున్నది అక్కా. తవ్వి పూడ్చినం కద, మన్ను గుల్లయింది. పది దినాలకు సన్నగ నాలుగు పోసలు మొలిచినయి. పదహారేండ్లు దేనికోసం మోకాళ్ల మీద కూసోని రుద్దిన్నో ఆ గడ్డి! ఈ ఏడు మొత్తం మొలిస్తె, వచ్చేటేడు నేనే మల్ల యాడున్నదో మరిచిపోతనేమో అనిపించింది. రిటైర్ అయ్యే వరకు ఇంక ఏడాదిన్నర, తర్వాత వచ్చే మాలీకి ఏం తెలుస్తది?

దుకాణం కెళ్లి రాళ్ల ఉప్పు తెచ్చిన. ప్రతి ఆదివారం మనుషులు లేనప్పుడు గంపల పోసుకోని పోయి చల్లుతున్న. ఎరువు చల్లినట్టే, గుప్పిట మెల్లగ ఇడుసుకుంట. తర్వాత చీపురుతోని దులిపి సన్నగ నీళ్లు కొడుత. దూరం కెళ్లి చూసినోళ్లు సంగప్ప సెలవు దినం గూడ లాన్ కు సేవ చేస్తుండు అనుకుంటరు. చేతులు మండుతున్నయి, గడ్డి కోసి కోసి నావి గూడ పగిలే ఉన్నయి. మండనీ. నా బస్తా నేను ఇప్పుడు పోస్తున్న.

రుద్రభూమిల పేరు రాయించుకోకు. రాయిస్తె కొట్టేయమని చెప్పు. నిన్ను అక్కడ కూసోబెట్టనిస్తరని నేను అంటలేను, ఆ మాట సార్ ను అడిగే ధైర్యం నాకు లేదు. ఎట్లయితదో నాకు తెల్వదు. గాని నాకు చేతనైన పని ఒక్కటున్నది, చేస్తున్న. ఉప్పు చల్లేటప్పుడు తూర్పు దిక్కు, అమ్మ కుడి చెయ్యి పక్కన, జెర అవతలికి గూడ చల్లుతున్న. సార్ కు అనుమానం రాకుండ వారానికి కొద్దికొద్దిగ. ఇయ్యాల్టికి నీ దిక్కు జానెడు గడ్డి పోయింది.

నాలుగడుగులు కావాలంటె మల్ల వానకాలం వస్తది అక్కా. అప్పటిదాక మందులు ఏసుకో, మెట్లు మెల్లగ దిగు, జల్దీ చెయ్యకు.

నీ తమ్ముడు
సంగప్ప